చార్జి అప్పగింత



బడిలో ప్రధానోపాధ్యాయుడు బదిలీ అయితే కొత్తగా వచ్చినవారికి చార్జి అప్పగించాలి కదా! గదులెన్ని, బీరువాలెన్ని, ఏ తాళంచెవి దేనిది, శిథిలమైన గది ఏది, అన్నీ నిర్ణీత ఫారంలో రాసి ఇద్దరూ సంతకాలు చేస్తారు. కంప్యూటరు స్విచ్చి వేయగానే లోపల జరిగేది కూడా ఇలాంటిదే. ముందుగా మేలుకొనేది ఫర్మ్‌వేర్, అంటే యంత్రంలోనే పొందుపరచిన చిన్న ప్రోగ్రాము. అది పరికరాలను సరిచూసి, అసలు కార్యభారం వహించే కెర్నెల్‌కు మెమరీ పట్టిక అందిస్తుంది. ఏ భాగం వాడుకోవచ్చో, ఏది ముట్టరాదో అందులో ఉంటుంది. ఈ అప్పగింతకు అనేక కంపెనీలు కలిసి ఒప్పుకున్న ఫారం పేరు యూఈఎఫ్ఐ.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్స్ కెర్నెల్‌కు ఎవరైనా కోడు రాసి పంపవచ్చు. కాని తెలిసినవారు దాన్ని పంక్తి పంక్తీ చదివి, ప్రశ్నలు వేసి, సరే అన్నాకే చేర్చుకుంటారు. మేము జవాబు పత్రాలు దిద్దినట్లే అనుకోండి.

ఆ దిద్దుబాటులో ఎంత సూక్ష్మం ఉంటుందో చూడండి. మా హోసూరు ప్రాంతంలో 'మాడు' అంటే తెలుగువారికి కాలిపోవడం, కన్నడిగులకు చెయ్యడం, తమిళులకు పశువు. కెర్నెల్ ఫైలులోనూ ఇలాంటి చిత్రమే ఉంది. యూఈఎఫ్ఐ నియమం ప్రకారం ఆ ఫైలు 'ఎం', 'జెడ్' అనే రెండు ఇంగ్లీషు అక్షరాలతో మొదలవాలి. డాస్ కాలంలో మైక్రోసాఫ్ట్ ఇంజనీరు మార్క్ జ్బికోవ్‌స్కీ పొడి అక్షరాలవి. అయితే యూఈఎఫ్ఐ లేని యంత్రంలో ప్రాసెసరు ఆ మొదటి చోటునే ఆదేశంగా చదువుతుంది. రిస్క్-ఫైవ్ ప్రాసెసరు భాషలో ఆ రెండక్షరాలకు అర్థం, ఒక రిజిస్టరులో మైనస్ 13 వేయమని. దానివల్ల నష్టమేమీ లేదు. ఫర్మ్‌వేర్‌కు అక్షరాలు, ప్రాసెసరుకు ఆదేశం! ఈ ఏర్పాటు 2020 డిసెంబరులో వెలువడిన 5.10 కెర్నెల్‌లో చేరింది.

అన్నీ ఇంత సాఫీగా సాగవు. చైనాలోని లూంగ్‌సన్ సంస్థ తన లూంగ్‌ఆర్చ్ ప్రాసెసర్ల కోసం కోడు పంపింది. ఆ యంత్రాలు అప్పటికే పనిచేస్తున్నాయి, కాని కెర్నెల్‌కు వివరాలు అందించే తీరు మాత్రం వాటి సొంతం. అందరి ఫారం ఉండగా వేరే కాగితమెందుకన్నది సమీక్షకుల అభ్యంతరం. 2022 జూలైలో వచ్చిన 5.19లో ఆ ప్రాసెసరుకు చోటు దొరికింది గాని, యూఈఎఫ్ఐ ద్వారా బూటయ్యే భాగం ఆగిపోయింది. దాన్ని ఉమ్మడి పద్ధతిలోకి మార్చాక, డిసెంబరులో వెలువడిన 6.1లో చేర్చారు.

పనిచేసే కోడును ఆపడం న్యాయమా అని మీరు అడగవచ్చు. నా అనుభవం ఒకటి చెబుతాను. మా బడి గ్రంథాలయం చార్జి నాకిచ్చిన పెద్దాయన జాబితా అంతా తనకే తెలిసిన గుర్తులతో రాశారు. ఆయన ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేదు. ఆయన రిటైరయ్యాక ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో తేల్చడానికి నాకు ఒక వేసవి సెలవంతా పట్టింది. కెర్నెల్‌లోనూ అంతే. ఒక పద్ధతిని ఒప్పుకుని యంత్రాలు జనం చేతికి వెళ్లాక దాన్ని తీసేయడం చాలా కష్టం. రాసినవారు వెళ్లిపోయినా మోసేవారు ఉండాలి.

ఇందుకు మూల్యమూ ఉంది. బూటు పద్ధతితోబాటు మరికొన్ని తేడాలవల్ల లూంగ్‌ఆర్చ్ వాడేవారికి 'పాత లోకం', 'కొత్త లోకం' అని రెండు ఏర్పడ్డాయి. ఒకదాని ప్రోగ్రాములు రెండోదానిలో నేరుగా నడవవు. సమీక్ష ఆలస్యమైనందుకు కాదు, సమీక్షకు ముందే యంత్రాలు బయటికి వెళ్లినందుకు వచ్చిన చిక్కిది.

అందుకే నా విద్యార్థులకు చెబుతుంటాను: లెక్క సరిపోతే చాలదు, మరొకరు చదివి అర్థం చేసుకునేలా మెట్లు రాయాలి. ఎర్రసిరాతో తిరిగొచ్చిన కాగితం అవమానం కాదు. మన తర్వాత చార్జి తీసుకునేవారికి మనం చేసే ఉపకారం.