తాతగారి నంబరు

మన గోదావరి తీరం నుంచి మారిషస్, దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు కూలికి వెళ్లిన తాతలకు పౌరసత్వ పత్రం వెతికితే దొరకదు. అక్కడా ఇక్కడా బ్రిటిష్ ఏలుబడే కదా! వాళ్లకు ఇచ్చింది ఒక నంబరు.

ఆ నంబరే తాళంచెవి. నాటాల్‌కు మొదటి ఓడ ట్రూరో, మద్రాసు నుంచి 1860 నవంబరులో చేరింది. అక్కడి ఓడల జాబితాల్లో నంబరు పక్కనే పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చ కూడా రాశారు. చదువుతుంటే మనిషి ఎదుట నిలబడినట్టే ఉంటుంది. మారిషస్ రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. కొన్నిటికి ఫొటోలూ ఉన్నాయి.

ఇంటిపేరుతో వెతక్కండి, గుమాస్తాలు దాన్ని చాలావరకు వదిలేశారు. చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాసుకున్నారు కనుక అప్పయ్య, అప్పన్న, అప్పడు అన్నీ చూడండి. జిల్లా పేరు కూడా ఇప్పటిది వెతక్కండి, కోనసీమ జిల్లా 2022లోనే వచ్చింది. పాత కాగితాల్లో రాజమండ్రి, గోదావరి అనే ఉంటుంది.

ముందు మాత్రం ఇంట్లో పెద్దమ్మనో, మామ్మనో కూర్చోబెట్టి అడగండి. ఏ ఊరు, తండ్రి ఎవరు, ఏ ఏటి వరదకు ముందు వెళ్లారు? ఆ మాటలు ఈరోజే రాసుకోండి.