మహావీరాచార్యుడి పదకొండు అంకెలు

ఈ ఉపన్యాసంలో గణితం గురించి చెప్పమన్నారు. నేను ఒక్క సంఖ్యతోనే సరిపెడతాను: 12345654321. ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా అదే. ఇలాంటివాటిని పాలిండ్రోమ్ సంఖ్యలంటారు.

క్రీ.శ. 850 ప్రాంతంలో, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, జైన గణితవేత్త మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’ రాశాడు. తర్వాత పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మూలంలోని గుణకార లెక్కల్లో కొన్నింటికి జవాబులు కంఠాభరణాల్లా వస్తాయి. 152207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు. 14287143ను 7తో గుణిస్తే 100010001. ఇక 27994681ని 441తో గుణిస్తే మన సంఖ్య.

ఈ చివరిదాని దగ్గర కాస్త ఆగాలి. 441 అంటే 21 వర్గం. 27994681 అంటే 5291 వర్గం. 21ని 5291తో గుణిస్తే 111111. అంటే మన సంఖ్య 111111కు వర్గమన్నమాట. 111111కు ప్రధాన కారణాంకాలు 3, 7, 11, 13, 37. మొదటి రెండూ ఒకవైపు, మిగతా మూడూ ఇంకోవైపు వేసి, రెండు లబ్ధాలనూ వర్గం చేస్తే లెక్క తయారు. ఆచార్యుడు జవాబు ముందు పెట్టుకునే ప్రశ్న కట్టాడని నా నమ్మకం. ఊరికే వెతికితే 27994681 చేతికి చిక్కే సంఖ్య కాదు.

అంకెలు అలా ఎక్కి దిగడానికి కారణం చిన్నదే. 111111ను దానితోనే గుణించేటప్పుడు ఆ ఆరు ఒకట్ల వరసనే, ఒక్కో స్థానం ఎడమకు జరుపుతూ, ఆరుసార్లు రాస్తాం. నిలువుగా కూడితే ఒక్కో స్థానంలో ఎన్ని ఒకట్లు పడ్డాయో అదే అంకె: 1, 2, 3, 4, 5, 6, మళ్లీ 5, 4, 3, 2, 1. ఫోన్లలో దీన్ని దైవలీలగా పంపేవాళ్లు ఒక్కసారి కాగితం మీద వేసి చూడాలి.

తొమ్మిది ఒకట్ల దాకా ఇదే తీరు: 12345678987654321. దీని అంకెల మొత్తం 81. ఆ 81తో భాగిస్తే 12345679 వర్గం మిగులుతుంది. ఆ 12345679లో ఎనిమిది లేదు, గమనించండి. పదో ఒకటి చేర్చామా, నడుమ స్థానంలో పది పడుతుంది. సున్నా వేసి ఒకటి చేతిలో పెట్టుకోవాలి. అక్కడితో పొందిక చెదిరి 1234567900987654321 వస్తుంది. వెనక్కి చదివితే ఇది వేరే సంఖ్య.

అయితే చెదిరేది రాతలోని పొందికే. వర్గం వర్గంగానే ఉంటుంది. 12345654321 అనే అంకెల వరసను పదికి బదులు ఏడు ఆధారంగా చదవండి. అప్పుడు అది 19608 వర్గం; మన మామూలు పద్ధతిలో 384473664. ఇది వెనక్కి చదివితే కుదరదు. ఎనిమిది ఆధారమైనా, పన్నెండు ఆధారమైనా, ఆరుకు మించిన ఏ ఆధారంలో చదివినా ఆ పదకొండు అంకెలు ఏదో ఒక సంఖ్యకు వర్గమే అవుతాయి.