మన అసీలు కోడి – జాతి రక్షణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయోత్సవమున కోళ్లను గూర్చి మాటలాడుట యేమని కొందరికి నవ్వు రావచ్చును. కాని ఎవరును తిరిగి వ్రాయని తాళపత్ర గ్రంథము చెదల పాలైనట్లే, ఎవరును శ్రద్ధతో పెంచని జాతియు నశించును. గ్రంథమునకు ఒక్క ప్రతి మిగిలినను అచ్చు వేయించవచ్చును. జాతి ఇతర జాతులలో కలిసిపోయినచో దానిని మరల విడదీయుట ఎవరి తరమును కాదు. అందుచేతనే ఈ విషయమును ఎన్నుకొంటిని.

అసీలు అను మాట అరబ్బీ భాషనుండి వచ్చినది. మేలైన పుట్టుక గలది అని దాని యర్థము. నిలువెత్తు నడక, పొడవైన మెడ, బలమైన కాళ్లు, దేహమునకు అంటుకొని యుండు గట్టి ఈకలు, చిన్న జుట్టు దీని గుర్తులు. బాగుగా పెరిగిన పుంజు 4 కిలోలు తూగును. ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశా ప్రాంతములు దీని స్వస్థానములు. ఈకల రంగును బట్టి మన పెద్దలు కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల, కౌజు, మైల, పింగళ అని పేర్లు పెట్టిరి. ఇన్ని పేర్లు పెట్టినవారు ఎంత పరిశీలనతో చూచిరో యోచింపుడు. వ్యాపారమునకు పెంచు కోడి ఏడాదికి 300 గుడ్లు పెట్టుచుండగా, అసీలు పెట్ట అందులో మూడవ వంతైనను పెట్టదు. కాని తాను పెట్టిన గుడ్లను తానే పొదిగి, 21 దినములకు పిల్లలను లేపి, గద్దకు ఎదురు నిలిచి కాపాడుకొనును.

పలనాటి వీరుల కథ వినినవారికి కోడిపందెము తెచ్చిన చేటు తెలియును. కత్తి కట్టి కోళ్లను చంపించుట క్రూరము. దానిపై సొమ్మొడ్డుట సంసారములను కూల్చును. జంతువులను పోరునకు పురికొల్పుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. అయినను ఒక నిజమును ఒప్పుకొనవలెను. ఇంతకాలము ఈ జాతిని కాపాడినవారు పందెగాండ్రే. నేడు వారే వేగము కొరకు పెరూ మొదలగు పరదేశపు పుంజులతో దీనిని సంకరము చేయుచున్నారు. అనగా పందెము ఈ జాతిని ఇక కాపాడజాలదు. మరి కాపాడువారెవరు?

ఇంగ్లండు దేశపు అనుభవము ఇందుకు దారి చూపును. అచ్చట 1835లోను, 1849లోను చేసిన చట్టములు కోడిపందెములను నిషేధించినవి. 1845లో లండను జంతుశాలలో కోళ్ల ప్రదర్శనము జరిగెను. పందెపు కోళ్లను పెంచినవారిలో పలువురు క్రమముగా ప్రదర్శనములకు మరలిరి. మన దేశమునుండి పోయిన అసీలు రక్తముతోనే ఆ శతాబ్దమున కార్నిష్ జాతి యేర్పడినది. నేటి బ్రాయిలరు కోడికి తండ్రి వంశము ఆ కార్నిషే. మాదాపురము, కొండాపురము బజారులలో అమ్ముడగు ప్రతి బ్రాయిలరు కోడిలోను మన పెరటి పుంజు రక్తము కొంత యున్నదన్నమాట. మనుమడిని నెత్తికెత్తుకొని తాతను వీధిలో విడిచితిమి.

ఆ మాదాపురము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఒకనాడు పల్లెలే. తెల్లవారుట కోడికూతతో తెలియు చోటులే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప అచ్చట పెరడులు పోయి మేడలు వచ్చినవి. అది తప్పని నేననను. మన పిల్లలు అచ్చటనే అన్నము తినుచున్నారు. ఆ ప్రాంతముననే హైటెక్స్ ప్రాంగణములో పౌల్ట్రీ ఇండియా అను గొప్ప ప్రదర్శనము జరుగుచుండును. పొదుగు యంత్రములు, మేతలు, మందులు, పంజరములు అందు ప్రధానములు. ఆ వ్యాపార వైభవము నడుమ నాటు పుంజును నిలిపి దాని నడకను, మెడను, కన్నును చూచి బహుమానమిచ్చు వేదిక వేరే కావలెను.

అట్టి వేదిక మన చేతికందనిది కాదు. తమిళదేశమున దిండిగల్లు ప్రాంతములోను, మన ప్రకాశము సీమలోను చిలుకముక్కు అసీళ్లకు అందాల పోటీలు జరుగుచున్నవి. కత్తి లేదు, నెత్తురు లేదు. వంపు తిరిగిన ముక్కు, పొడవైన తోక, నిలువు, రంగు చూచి నిర్ణయింతురు.

శాస్త్ర సహాయమును దూరము కాదు. 1988లో రాజేంద్రనగరమున నెలకొన్న కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ అసీలు జాతిని కాపాడుచున్నది. అసీలునే మెరుగుపరచి వనశ్రీ యను రకమును సిద్ధము చేసినది. కాని సంస్థలో నున్న మంద ఒక్కటియే చాలదు. ఒక్క తెగులు వచ్చిన ఒక్క మంద పోవును. పది ఊళ్లలో పది మందలున్నచో జాతి నిలుచును.

పెంచదలచినవారికి నా అనుభవము చెప్పెదను. నేను మొదట ఒకే పుంజు సంతతిని అన్నచెల్లెండ్రతోనే కలుపుచు మూడు తరములు నడిపితిని. రంగు చక్కగా నిలిచినది; పిల్లలు మాత్రము బలహీనములై, గుడ్లు పొదగక చెడినవి. అప్పుడు బుద్ధి వచ్చినది. రెండేండ్లకొకసారి పుంజును పొరుగూరివారితో మార్చుకొనుడు. ఒక పుంజునకు పది పెట్టలకంటె ఎక్కువ విడువకుడు. పిల్లలకు మొదటి వారములోనే కొక్కెర తెగులు టీకా చుక్కలు వేయింపుడు. ఎదిగిన పుంజులను వేరువేరుగా నుంచుడు. లేనిచో ఒకదానినొకటి చంపుకొనును. అన్నిటికంటె ముఖ్యముగా, ఏ పెట్టకు ఏ పుంజు, గుడ్లెన్ని, పిల్లలెన్ని అని వ్రాసి యుంచుడు. వ్రాత లేని జాతికి వంశము లేదు.

ఆ వ్రాతకు తగిన చోటు మన గ్రంథాలయమే. ఈ బీరువాలో ఒక లెక్కల పుస్తకమునకు చోటిమ్మని నిర్వాహకులను కోరుచున్నాను. ఊరిలో అసీలు పెంచువారు తమ కోళ్ల వంశమును అందు వ్రాయుదురు గాక. పట్టణమునకు పనికి పోవు యువకులు ఆదివారములందు దానిని కంప్యూటరునందు ఎక్కించి పొరుగూళ్లకు పంపవచ్చును. సంక్రాంతికి ఈ ముంగిటనే కత్తి లేని కోళ్ల ప్రదర్శనము నడుపుదము. ఆ పుస్తకమున మొదటి పుటను నా పెరటి నెమలి పుంజు పేర నేనే వ్రాసెదను. రెండవ పుట ఎవరిదో ఈ సభవారే చెప్పవలెను.