రేడియో కోను – కాగితమా, ప్లాస్టికా?

రామచంద్రాపురము మొదలు పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వరకు యంత్రముల రొద నెరుగనివారు మనలో అరుదు. పగలెల్ల ఆ రొదలో నుండి యింటికి వచ్చినవారికి సాయంకాలము రేడియోలో మాట తేటగా వినబడవలెను. అట్టి యిండ్లలో పాతపెట్టె కోను చినిగినప్పుడు, “కాగితము తీసి ప్లాస్టికు వేయింతమా?” అను ప్రశ్న పుట్టును. వెంటనే ఔనని చెప్పజాలము.

అయస్కాంతము నడుమ తీగచుట్ట కదలును. దాని కతికిన కోను గాలిని త్రోయును. 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అను ఇంజనీర్లు కాగితపుకోనుతో వెల్లడించిన యీ పద్ధతియే నేటికిని వాడుకలో నున్నది. కోను తేలికగా నుండవలెను, బిగువుగా నుండవలెను. అంతకంటె ముఖ్యముగా తన మ్రోతను తానే అణచుకొనవలెను. కంచుచెంబును తట్టిన చాలసేపు మ్రోగును. అట్టముక్క టక్కుమని యూరకుండును. మ్రోగుట గంటకు గుణము, కోనుకు దోషము. అల్యూమినియము బిగువైనదే గాని, హెచ్చుస్థాయిలో ఒకచోట గంటవలె మ్రోగును. కాగితములోని నారలు ఒకదానితో నొకటి రాసుకొని యా మ్రోతను మ్రింగివేయును.

అయినను వానకాలమున కాగితము తేమను పీల్చి మెత్తబడును. అందుచేతను, ఒక కోను మరొకదానివలె నుండకపోవుట చేతను, బి.బి.సి. పరిశోధకులు 1960లలో బెక్స్‌ట్రీను అను ప్లాస్టికును స్వీకరించిరి. దాని మ్రోత నణచుటకు పైన పూత పూయవలసివచ్చెను. 1970లలో డడ్లీ హార్వుడ్ పాలీప్రొపిలీనును ముందుకు తెచ్చెను. మన ఎరువుల సంచులను నేయు ప్లాస్టికు ఇదియే! ఇది తేమకు లొంగదు, మ్రోతను చక్కగా అణచును; కాని మామూలు జిగురు దీనికి పట్టదు.

ఇక మన పెట్టె మాట. పాత రేడియో ఇచ్చు శక్తి కొద్ది వాట్లే. తేలిక కాగితపుకోను ఆ కొద్దిపాటి శక్తితోనే గది నింపును. బరువైన ప్లాస్టికుకోను వేసినచో ధ్వని తగ్గును; బలమైన ఆంప్లిఫయరున్న యింట ఆ చింత లేదు. కావున చిన్న చినుగును పలుచని కాగితముతో, పలుచని జిగురుతో అతికించుటే మేలని మా అభిప్రాయము. మందపు పట్టీలు వలదు, అవి కోను బరువును పెంచును. మార్చక తప్పనిచో కొలతయు, ఓములును పాతవానితో సరిపోవునట్లు చూడుడు. డబ్బు చెల్లించుటకు ముందు మీ రెరిగిన వార్తల గొంతు నొకమారు వినుడు. అది ముక్కుతో పలికినట్లున్నచో ఆ కోను తీసికొనకుడు.