కాపర్‌మైన్ నది



కెనడా దేశపు ఉత్తరభాగమున, చెట్లు పెరుగు మేరకు ఆవలనున్న లాక్ డి గ్రా అను సరస్సు నుండి వెడలి, సుమారు 845 కిలోమీటర్లు ప్రవహించి, ఉత్తర సముద్రపు శాఖయైన కారొనేషన్ గల్ఫ్‌లో కలియు నదికి కాపర్‌మైన్ అని పేరు. సంవత్సరములో అధికభాగము ఈ నది గడ్డకట్టియే యుండును. ఆ మైదానములలో భూగర్భము వేసవియందును కరుగదు. పైపొర మాత్రమే మెత్తబడి నాచును, పొట్టిపొదలను మొలిపించును. ఆ కాలమున కారిబూ అను దుప్పిజాతి మృగముల మందలు సంచరించును. చార్ అను చేపలు సముద్రమునుండి మరలి నదిలో ఎదురీదును.

కాపర్‌మైన్ అనగా రాగిగని. తీరవాసులైన ఇన్యుయిట్ జనులు దొరికిన రాగిని కరగింపకయే సాగగొట్టి కత్తులు, బాణపుమొనలు చేసికొనెడివారు. దక్షిణమున వసించు డేనే జనులలో ఈ రాగిని గూర్చి ఒక గాథ కలదు. దానిని మొదట కనుగొన్నది ఒక స్త్రీ. ఆమె ఏటేట పురుషులకు త్రోవచూపి అచటికి గొనిపోయెడిది. వారు తన్ను అవమానింపగా, ఆమె గనిపై కూర్చుండి, రాగితోకూడ భూమిలో క్రుంగుదునని శపథము చేసెను. మరుసటి ఏట వారు వచ్చి చూడగా నడుమువరకు దిగియుండెను. ఆ పై ఏట ఆమెయు లేదు, రాగియు లేదు. చిన్నచిన్న తునకలే మిగిలెను.

హడ్సన్స్ బే కంపెనీ ఉద్యోగియైన సామ్యూల్ హెర్న్ ఆ రాగిని వెదకుచు 1770 డిసెంబరులో కాలినడకన బయలుదేరెను. డేనే నాయకుడు మటొనాబీ ఆయనకు మార్గదర్శి. 1771 జూలైలో, నదీముఖమునకు సుమారు 15 కిలోమీటర్ల ఎగువన, జలపాతముకడ గుడారములలో నిద్రించుచున్న ఇన్యుయిట్ కుటుంబములను, వెంటవచ్చిన డేనే యోధులు వధించిరి. హెర్న్ వారింపజాలక నిలిచిపోయెను. ఆ తావునకు బ్లడీ ఫాల్స్, అనగా నెత్తుటి జలపాతము, అను పేరు స్థిరపడెను. ఇంతకును, వారు వెదకగా దొరికిన పెద్ద రాగిముద్ద నాలుగు పౌనుల తూకము మాత్రమే! ఆయన గ్రంథము మరణానంతరము 1795లో వెలువడెను. అందలి ఘోరవర్ణనలలో కొన్ని పరులు చేర్చినవేమోయని పండితులు సందేహించిరి. చంపబడినవారి పక్షమున వ్రాసినవారు లేరు.

1996లో నదీముఖమునగల గ్రామము కాపర్‌మైన్ అను పాతపేరు విడిచి, కుగ్లుక్తుక్ అను స్వభాషానామమును గ్రహించెను. కదలెడి నీటి తావు అని దాని యర్థము. ఆ సంవత్సరముననే డేనే, ఇన్యుయిట్ ప్రతినిధులు కూడి, 225 ఏండ్లనాటి గాయమును మాన్పుకొనుటకు ఒక శాంతికార్యము జరిపిరి.

నది పుట్టిన సరస్సు ప్రాంతమున 1998లో వజ్రముల త్రవ్వకము ఆరంభమయ్యెను. దిగువనున్నవారికి ఆ నీరే ఆధారము. రాగికై వచ్చినవారు నదికి రాగిపేరు పెట్టిపోయిరి; అచటనే నిలిచినవారు తమ ఊరికి నీటిపేరు పెట్టుకొనిరి. నదిని గుర్తించుటకు రెండవ పేరే ఎక్కువ తగియున్నదని వేరుగా చెప్పవలసిన పనిలేదు.