పరభాషలో తొలి సంభాషణ

క్రొత్త భాష నేర్చుకొనేవారికి వ్రాత పరీక్ష కంటె మాట పరీక్ష ఎక్కువ భయము కలిగిస్తుంది. వ్రాసేటప్పుడు తప్పు దిద్దుకొనడానికి వ్యవధి ఉంటుంది. మాట అట్లా కాదు. నోటి నుండి వెలువడిన తరువాత దానిని వెనుకకు తీసుకొనలేము. ఎదుటివారు ఏమి అడుగుతారో ముందుగా తెలియదు. స్పానిష్ భాషను క్రొత్తగా అభ్యసించేవారికి అనేక విద్యాసంస్థలలో ఇటువంటి పరీక్ష ఒకటి ఉంటుంది. ఇద్దరేసి విద్యార్థులను ఎదురెదురుగా కూర్చుండబెట్టి, కుటుంబము, చదువు, దినచర్య, ఇష్టాయిష్టాలు వంటి విషయాలపై కొన్ని నిమిషాలు మాట్లాడుకొనమంటారు. పరీక్షకులు ప్రక్కన ఉండి వింటారు. ఈ పరీక్షకు ఇద్దరు కలిసి ఎట్లా సిద్ధపడవలెనో ఈనాడు ముచ్చటించుకొందాము.

స్పానిష్ మనకు మరీ దూరపు భాష ఏమీ కాదు. సుమారు 20 దేశాలలో అది అధికార భాష. హైదరాబాదులో ఇఫ్లూగా పేరొందిన ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయములో దానిని బోధిస్తున్నారు. అమెరికా పాఠశాలలలో ఎక్కువమంది విద్యార్థులు ఎన్నుకొనే విదేశీ భాష కూడా ఇదే. అక్కడ పెరుగుతున్న తెలుగు పిల్లలలో పలువురు ఇంట తెలుగు, బడిలో ఇంగ్లీషు, దానితోపాటు స్పానిష్ నేర్చుకొంటున్నారు.

పరీక్ష దగ్గరపడగానే జంటలు సాధారణముగా చేసే పని ఒకటి ఉన్నది. సంభాషణ నంతటినీ నాటకమువలె వ్రాసుకొని, చెరియొక పాత్రను కంఠస్థము చేస్తారు. ఇంటివద్ద అది చక్కగానే నడుస్తుంది. పరీక్ష గదిలో ఒకరు ఒక్క వాక్యము మరచిపోతే చాలు, రెండవవారికి కూడా దారి తప్పుతుంది. “దోందె బీబెస్?” అంటే “ఎక్కడ ఉంటావు?” అని అర్థము. ఈ ప్రశ్న రావలసిన చోట “తియేనెస్ ఎర్మానోస్?” అని, అనగా “తోబుట్టువులు ఉన్నారా?” అని వినబడుతుంది. రెండవ విద్యార్థికి ఆ ప్రశ్న తెలియనిది కాదు. అయినా వల్లించిన వరుసలో అది లేదు కనుక, తన ఊరి పేరు చెప్పివేస్తాడు. అతడు మాటను విననే లేదన్న సంగతి పరీక్షకులకు వెంటనే తెలిసిపోతుంది.

ఐరోపా మండలి 2001లో ప్రకటించిన భాషా ప్రమాణాలలో మొదటి మెట్టుకు ఏ1 అని పేరు. స్పానిష్ పరీక్షలు పెక్కింటికి ఈ మెట్లే ఆధారము. ఆ మెట్టు వర్ణనలో ఒక విశేషమున్నది. ఎదుటివారు నెమ్మదిగా, స్పష్టముగా మాట్లాడుతూ, సహాయపడడానికి సిద్ధముగా ఉన్నట్లయితే, అభ్యాసి సులభమైన సంభాషణ చేయగలడని అందులో చెప్పబడింది. ఎదుటివారి సాయము ఆ నిర్వచనములోనే ఉన్నదన్నమాట. కనుక జంటగా పరీక్షకు పోయేవారు ఒకరి కొకరు పోటీదారులు కారు. ఒకరి సామర్థ్యము బయటపడడానికి రెండవవారు ఆధారము.

జంటలో ఒకరు చురుకైనవారు, ఒకరు బెదురుగల వారు కావడము సహజమే. చురుకైన విద్యార్థి తన కుటుంబమును గురించి ఇరువది వాక్యాలు గడగడ చెప్పివేస్తే, అది ఉపన్యాసము అవుతుంది గాని సంభాషణ కాదు. తోడివారికి నోరు విప్పే సమయమూ మిగలదు. దీనికి విరుగుడు రెండే రెండు చిన్న మాటలు: “ఇ తూ?” అనగా “మరి నువ్వో?” అని. “నాకు ఇద్దరు అక్కలు. మరి నువ్వో?” అని నిలిపితే, మాట అవతలి చేతికి అందుతుంది. రెండు మూడు వాక్యాలు చెప్పగానే ప్రశ్న వేయడము అలవాటు చేసుకొనవలెను. తోడివారు తడబడినప్పుడు సమాధానము తామే చెప్పివేయక, ప్రశ్నను ఇంకొంచెము సులభము చేసి మరల అడగడము మేలైన సాయము.

అర్థము కానప్పుడు మౌనము వహించడము అన్నింటికంటె చేటు. “నో ఎంతియెందో” అంటే “నాకు అర్థము కాలేదు” అని. “మాస్ దెస్పాసియో, పోర్ ఫబోర్” అంటే “కొంచెము నెమ్మదిగా, దయచేసి” అని. ఈ మాటలు బలహీనతకు గుర్తులు కావు. ఇవి కూడా స్పానిష్ భాషే. వీటిని తగిన సమయములో వాడడము సంభాషణలో భాగమే.

మాతృభాష మనకు చేసే సాయము తక్కువది కాదు. స్పానిష్‌లో అచ్చులు ఐదే. అ, ఎ, ఇ, ఒ, ఉ పలికే నాలుకకు అవి కష్టము కావు. మన త, ద లకు దగ్గరి ధ్వనులే అక్కడా ఉన్నాయి. “మె గుస్తా ఎల్ కఫే” అనే వాక్యము ఇంగ్లీషువారికి తలక్రిందులుగా తోస్తుంది. మనకు “నాకు కాఫీ ఇష్టము” అన్నట్లే ఉంటుంది. “ఉండు” అనే క్రియకు స్పానిష్‌లో రెండు రూపాలున్నాయని విద్యార్థులు కలవరపడతారు. “నేను విద్యార్థిని” అన్నప్పుడు మనము “ఉన్నాను” అని చేర్చము. అక్కడ వారు “సోయ్” అంటారు. “నేను ఇంట్లో ఉన్నాను” అన్నచోట “ఎస్తోయ్” అంటారు. అన్ని సందర్భాలకూ ఈ పోలిక సరిపోదు గాని, మొదటి పరీక్షకు చాలవరకు దారి చూపుతుంది. నువ్వు, మీరు అనే భేదము కూడా మనకు పుట్టుకతో వచ్చినదే. స్నేహితుని “దోందె బీబెస్?” అని అడిగినవారు, పరీక్షకులను “దోందె బీబె ఉస్తెద్?” అని అడగవలెను.

జాగ్రత్త పడవలసిన చోట్లూ ఉన్నాయి. “పెరో” అంటే “కాని”. “ర”ను ఒత్తి “పెర్రో” అంటే కుక్క. బల్ల స్త్రీలింగము కనుక “లా మేసా”; పుస్తకము పుంలింగము కనుక “ఎల్ లీబ్రో”. ప్రశ్నకు మనము చివర “ఆ” చేరుస్తాము. స్పానిష్‌లో పెక్కు ప్రశ్నలకు స్వరము పైకెత్తడమే గుర్తు. స్వరము ఎత్తకపోతే ప్రశ్న కాస్తా మామూలు వాక్యమైపోతుంది.

ఇక సాధన. వాక్యాలు కాక, విషయాల పేర్లు మాత్రమే చీటీలపై వ్రాయండి: ఇల్లు, భోజనము, సెలవుదినము, వాతావరణము. ఒక చీటీ తీసి, దానిపై ఒక్కొక్కరు మూడు ప్రశ్నలైనా వేయండి. ఒకే చీటీని మరునాడు మరల తీసినప్పుడు వేరే ప్రశ్నలు వేయండి. రోజుకు 15 నిమిషాలు వారము దినాలు సాగిస్తే, పరీక్ష ముందు రాత్రి మూడు గంటల శ్రమ కంటె మేలు. రేడియోలో పనిచేసేవాడిగా ఒక సూచన: అప్పుడప్పుడు ఒకరి కొకరు వీపులు త్రిప్పుకొని కూర్చుండి మాట్లాడండి. ముఖము కనిపించనప్పుడు సైగలు పనికిరావు. మాట స్పష్టముగా పలుకక తప్పదు, చెవి యొగ్గి వినక తప్పదు. ఆ సంభాషణను చేతిలోని ఫోనులో ముద్రించి మరల వినండి. ఎవరు ఎంతసేపు మాట్లాడినదీ, ఏ ప్రశ్నకు జవాబు రాలేదో మీకే తెలుస్తుంది. వీలైతే చివరి రెండు రోజులు జంటలు మార్చుకొని చూడండి. పరిచయములేని గొంతు విని అర్థము చేసుకొనడము వేరొక విద్య.

పరీక్ష ముగిసిన తరువాత ఏ మాద్రిద్ వీథిలోనో, మెక్సికో దుకాణములోనో మీకు ఎదురయ్యే మనిషి మీరు వ్రాసుకొన్న సంభాషణను చదివి ఉండడు. అతడు తనకు తోచినది అడుగుతాడు. అతని మాట విని, తెలియనిది మరల అడిగి, మీకు వచ్చిన నాలుగు ముక్కలతో బదులు చెప్పడమే అప్పుడు కావలసిన పని. ఆ పనిని మీతోపాటు ఇప్పుడు నేర్చుకొంటున్న మనిషి మీ ఎదుటి కుర్చీలోనే ఉన్నారు. ఈ వారము రోజులూ వారి మాట శ్రద్ధగా వినండి.