రాగి గొట్టమా? ప్లాస్టిక్ గొట్టమా?

(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించో, మోకాళ్ళ నొప్పుల గురించో మాట్లాడవలసిన వేదిక మీద ఈయన గొట్టాల గురించి మాట్లాడతానంటాడేమిటి అని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది. మనలో చాలామంది పిల్లలు ఇంగ్లండులో ఉంటున్నారు. పురుడు పోయడానికో, మనవలను చూసుకోవడానికో మనం ఆరు నెలల వీసా మీద వెళ్ళి వస్తున్నాం. అక్కడి చలికాలంలో మనలాంటి ముసలివాళ్ళ ప్రాణానికి ఆధారం ఇంటి వేడి. వృద్ధులున్న గది 18 డిగ్రీలకు తగ్గకూడదని అక్కడి ఆరోగ్య శాఖ వారి సలహా. ఆ వేడిని గదిగదికీ మోసేవి నేల కింద కనబడని గొట్టాలు. వాటిని ఒకసారి మూసేస్తే మళ్ళీ చూడాలంటే నేల పెకలించాలి. అందుకని అవి వేసే ముందే ఆలోచించుకోవాలి.

నేను ఇంజనీరును కాను. ఒక ఇంజనీరింగ్ శాఖలో గుమాస్తాగా చేరి, పైపుల టెండర్లకు కంపారిటివ్ స్టేట్‌మెంట్లు రాస్తూ సర్వీసులో ఎక్కువ భాగం గడిపినవాణ్ణి. నాకు తెలిసిన విద్య అదొక్కటే. క్రిందటి చలికాలంలో అది మా అమ్మాయి ఇంట్లో పనికొచ్చింది.

ముందుగా ఈ ఏర్పాటు ఏమిటో చెబుతాను. ఇంట్లో ఒక చోట గ్యాస్ బాయిలర్ ఉంటుంది. అది నీళ్ళను కాస్తుంది. పంపు ఆ వేడినీళ్ళను గొట్టాల ద్వారా ప్రతి గదిలోనూ గోడకు బిగించిన ఇనుప రేడియేటర్‌లోకి పంపుతుంది. వేడి గదికి ఇచ్చేసి చల్లారిన నీళ్ళు మళ్ళీ బాయిలర్‌కు చేరతాయి. కుళాయి నీటిలాగా ఇది వచ్చి పోయే నీరు కాదు. అవే నీళ్ళు ఏళ్ళ తరబడి అందులోనే తిరుగుతూ ఉంటాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి. రాగికీ ప్లాస్టిక్‌కూ మధ్య తగాదా అంతా ఇక్కడే ఉంది.

మా అమ్మాయి, అల్లుడు గారు కొన్నది పాత ఇటుకల ఇల్లు. నేలంతా చెక్క దూలాల మీద పరిచిన చెక్క పలకలు. గొట్టాలు పాతబడి మార్చవలసి వచ్చింది. ఇద్దరు ప్లంబర్లు కొటేషన్లు ఇచ్చారు. ఒకాయన రాగి వేస్తానన్నాడు. రెండో ఆయన ప్లాస్టిక్ వేస్తానన్నాడు. రెండో ఆయన రేటు బాగా తక్కువ. అల్లుడు గారు "మామయ్య గారూ, తక్కువకు చేసేవాణ్ణి కాదని ఎక్కువ ఇవ్వడం దేనికి?" అన్నారు. అమ్మాయి మాత్రం "నాన్నా, నేల కింద ప్లాస్టిక్‌లో మరిగే నీళ్ళంటే నాకు నిద్ర పట్టదు" అంది. ఇద్దరూ సంపాదించుకునేవాళ్ళే అయినా ఇంటి అప్పు నెత్తిమీద ఉంది. చూలాలైన అమ్మాయి మాట తీసివేయడానికీ లేదు. ముందు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూద్దామన్నాను.

రాగి సంగతి ముందు చెబుతాను. రాగి గొట్టం వేడికి మెత్తబడదు. ఎలుక కొరకలేదు. ఎండ తగిలినా చెడదు. గాలిని లోపలికి రానివ్వదు. చూడడానికి నిటారుగా, పొందికగా ఉంటుంది. దోషాలూ ఉన్నాయి. ధర ఎక్కువ. ప్రతి మలుపులోనూ గొట్టాన్ని వంచాలి లేదా కోసి అతకాలి. అతుకుకు టంకం పెట్టాలంటే ఎండిన చెక్క దూలాల మధ్య మంట వెలిగించాలి. టంకానికి వాడిన ఫ్లక్స్ సరిగా కడగకపోతే కొన్నేళ్ళకు సూదిమొనంత రంధ్రం పడవచ్చు. తొడుగు లేకుండా సిమెంటులో పూడిస్తే తినివేయబడుతుంది. పైగా అది వంగని వస్తువు కనుక దూలాల పైభాగాన గాడి కోసి అందులో పడుకోబెడతారు. గాడి ఎక్కువైతే దూలం బలం తగ్గుతుంది. గాడి మరీ బిగుతైతే గొట్టం వేడెక్కినప్పుడల్లా రాత్రిపూట టిక్కు టిక్కుమని చప్పుడు.

ఇక ప్లాస్టిక్. ఇది మనం బోరుబావికి వేసే పి.వి.సి. కాదు. ఒకటి క్రాస్‌లింక్డ్ పాలిథిలీన్, దాన్నే పెక్స్ అంటారు. మరొకటి పాలీబ్యూటిలీన్. రెండూ 80 డిగ్రీల వేడిని తట్టుకునేలా చేసినవే. చుట్ట విప్పుకుంటూ, దూలాల నడుమ బెజ్జాలు వేసి కరెంటు తీగ లాగినట్టు లాగవచ్చు. మంటతో పని లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఒక రేడియేటర్ నుంచి ఇంకో దాకా నేల కింద అతుకు లేకుండా పోవచ్చు. లీకు వచ్చేది సాధారణంగా అతుకు దగ్గరే కాబట్టి ఇది చిన్న లాభం కాదు. గడ్డకట్టే చలిలో నీరు మంచై ఉబ్బితే రాగి చిట్లవచ్చు, ప్లాస్టిక్ కొంత సాగి ఓర్చుకుంటుంది. కొటేషన్ తగ్గడానికి కారణం గొట్టం ధర ఒక్కటే కాదు, కూలి గంటలు తగ్గడం.

మరి దోషాలు? మొదటిది, వేడికి బాగా సాగుతుంది. 10 మీటర్ల రాగి గొట్టం 50 డిగ్రీలు వేడెక్కితే సుమారు 8.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంతే పొడవు ప్లాస్టిక్ రకాన్ని బట్టి 60 నుండి 100 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. కనుక దగ్గర దగ్గరగా క్లిప్పులు వేయాలి, సాగడానికి చోటు ఇవ్వాలి. లేకపోతే పాములా వంకర్లు తిరుగుతుంది. రెండోది, లోపలి రంధ్రం చిన్నది. పైకి రెండూ 15 మిల్లీమీటర్లే. రాగికి లోపల 13.6 ఉంటే ప్లాస్టిక్‌కు సుమారు 12. లెక్క వేస్తే నీరు పోయే దారి ఐదో వంతుకు పైగా తక్కువ. అతుకు దగ్గర ఇంకా తక్కువ. మూడోది, ఎలుకలు కొరుకుతాయి. ఎండలో ఉంచితే పెళుసుబారుతుంది.

నాలుగోది కంటికి కనబడనిది. మామూలు ప్లాస్టిక్ గోడ గుండా గాలిలోని ప్రాణవాయువు కొద్దికొద్దిగా లోపలి నీటిలోకి దిగుతుంది. ఇందాక గుర్తుంచుకోమన్నాను, అవే నీళ్ళు ఏళ్ళ తరబడి తిరుగుతాయని. ఆ నీటిలో ప్రాణవాయువు చేరితే ఇనుప రేడియేటర్లు లోపల తుప్పు పడతాయి. నల్లటి మడ్డి పేరుకుని పంపునూ బాయిలర్‌నూ పాడు చేస్తుంది. గొట్టం నిక్షేపంగా ఉంటుంది, రేడియేటర్ పోతుంది! అందుకే వేడి సర్క్యూట్‌కు వేసే ప్లాస్టిక్ గొట్టంలో గాలిని ఆపే పొర ఒకటి ఉంచి చేస్తారు. దాన్ని బ్యారియర్ పైపు అంటారు.

ప్లాస్టిక్ అంటే భయపడేవారు అమెరికా సంగతి చెబుతారు. అది నిజమే. 1978 నుండి 1995 వరకు అక్కడ లక్షలాది ఇళ్ళలో కుళాయి నీటికి పాలీబ్యూటిలీన్ గొట్టాలు వేశారు. నీటిలోని క్లోరిన్ వల్ల గొట్టాలు, వాటి ప్లాస్టిక్ జాయింట్లు పెళుసుబారి చిట్లాయి. 1995లో కోర్టులో 95 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అయితే అది నిత్యం కొత్తగా క్లోరిన్ నీరు వచ్చే కుళాయి లైను. ఇది నీరు మారని బందు సర్క్యూట్. ఆ కథ విని ఇక్కడ బెదరనక్కరలేదు. ఏ గొట్టాన్నైనా అది పనిచేయబోయే నీటితో, వేడితో చూసి ఎంచుకోవాలన్నదే అందులోంచి మనం తీసుకోవలసింది.

ఇప్పుడు కొటేషన్ల సంగతి. కంపారిటివ్ స్టేట్‌మెంటులో మొదటి సూత్రం మీకందరికీ తెలిసిందే. సమానమైన వాటినే పోల్చాలి. ఒక తెల్లకాగితం మీద గళ్ళు గీసి ఐటమ్ వారీగా రాసుకుంటూ పోయాను. రాగి కొటేషన్‌లో రేడియేటర్లకు కొత్త వాల్వులు, పాత మడ్డి కడగడం, తుప్పు నిరోధక మందు కలపడం, నేల మూసేముందు ప్రెషర్ టెస్టు చేయడం ఉన్నాయి. ప్లాస్టిక్ కొటేషన్‌లో ఇవేవీ లేవు! బ్యారియర్ పైపు అన్న మాట కూడా లేదు. అంటే తక్కువ కనబడిన ధరలో కొంత గొట్టం వల్ల, కొంత వదిలేసిన పనుల వల్ల.

రెండో ఆయనను అల్లుడు గారి ద్వారా కాగితం మీద నాలుగు ప్రశ్నలు అడిగించాను. ఒకటి, గొట్టం మీద బ్యారియర్ అనీ, బి.ఎస్. 7291 అనీ ముద్ర ఉంటుందా? రెండు, తోసి బిగించే ప్రతి అతుకులోనూ గొట్టం చివర లోపల ఇన్సర్ట్ పెడతారా? అది లేకపోతే వేడికి మెత్తబడిన గొట్టం అతుకులోంచి జారవచ్చు. మూడు, బాయిలర్‌కు ఆనుకుని మొదటి మీటరు రాగి వేస్తారా? చాలా కంపెనీల సూచనల్లో అలాగే ఉంటుంది. నాలుగు, పలకలు మూసేముందు ప్రెషర్ టెస్టు మా ఎదుట చేస్తారా? ఆయన మంచివాడు. విసుక్కోకుండా అన్నిటికీ ఒప్పుకుని సవరించిన కొటేషన్ ఇచ్చాడు. రెండింటి మధ్య తేడా సగానికి పైగా తగ్గింది. అయినా ప్లాస్టిక్‌దే తక్కువ.

చివరకు ఏం చేశారంటే, నేల కింద పొడవాటి లైన్లన్నీ ప్లాస్టిక్, మధ్యలో అతుకు లేకుండా. బాయిలర్ దగ్గరా, గదుల్లో కంటికి కనబడే చోటా రాగి. ముందు ముందు బాయిలర్ తీసి హీట్ పంపు పెట్టుకోవచ్చు. ఆ పద్ధతిలో నీటి వేడి తక్కువ, తిరగవలసిన నీరు ఎక్కువ. అందుకని ప్రధాన లైన్లు మాత్రం 22 మిల్లీమీటర్లు వేయించారు. బాయిలర్ గ్యాస్ పని మాత్రం గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరున్న మనిషే చేశాడు. అక్కడ అది చట్టం. పలకలు మూసేముందు అల్లుడు గారు ప్రతి గదికీ ఫోటోలు తీశారు. గోడ నుంచి ఎంత దూరంలో గొట్టం పోతోందో నేను టేపుతో కొలిచి ప్లాను గీసి, ఇంటి దస్తావేజుల ఫైలులో పెట్టించాను. రేపు ఎవరైనా అక్కడ మేకు కొట్టబోతే పనికొస్తుంది. ఆ రాత్రి నుంచి అమ్మాయి కూడా నిశ్చింతగా పడుకుంది.

ఇది ఇంగ్లండు కథే అయినా మనకూ వర్తిస్తుంది. మనలో చాలామంది హౌసింగ్ లోనుతో కట్టుకున్న ఇళ్ళలో జి.ఐ. పైపులు లోపల తుప్పుపట్టి పూడుకుపోతున్నాయి. మార్చేటప్పుడు మనకు బ్యారియర్ పైపు అవసరం లేదు. మన గీజరు నీరు వచ్చి పోయే నీరు. కానీ గీజరు లైనుకు మామూలు పి.వి.సి. వేయనివ్వకండి. ఐ.ఎస్. 4985 పి.వి.సి. పైపు 45 డిగ్రీలు దాటిన నీటికి ఉద్దేశించినది కాదు. వేడినీటికి సి.పి.వి.సి. వాడాలి, దాని మీద ఐ.ఎస్. 15778 ముద్ర చూడాలి. మేడ మీద ఎండ తగిలే చోట గొట్టానికి తొడుగో, తగిన పెయింటో వేయించాలి. టైల్స్ అతికించే ముందు ప్రెషర్ టెస్టు చేయించి ఫోటో తీయించాలి. ఇవన్నీ కొటేషన్‌లోనే రాయించుకోవాలి. నోటిమాటకు ఆడిట్ ఉండదని మనకు వేరే చెప్పాలా?

గ్రాట్యుటీ డబ్బు మళ్ళీ వచ్చేది కాదు. సభ్యులలో ఎవరికైనా ఇలాంటి పని తలపెట్టే ఆలోచన ఉంటే, రెండు మూడు కొటేషన్లు తీసుకుని నెలవారీ సమావేశానికి గంట ముందు రండి. గళ్ళ కాగితం, పెన్సిలు నేను తెస్తాను. కూర్చుని స్టేట్‌మెంటు రాసుకుందాం.